పరిగెత్తేది గుర్రమే, మరి పతకం రౌతుకెందుకు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్‌లో పదమూడేళ్ల అమ్మాయి రెండేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. ఇక జూనియర్ పోటీలకు పంపాలని అమ్మానాన్నల ఆలోచన. "ఎగిరేది గుర్రం, రొప్పేది గుర్రం. ఊరికే పైన కూర్చున్నదానికి మెడల్ ఏమిటి? అదీ ఒక ఆటేనా?" అని మేనమామగారు అడ్డుపడ్డారు. ఆయన మాటలో నిజమెంత, స్వారీని పోటీ క్రీడగా లెక్కించవచ్చా అని మీరు అడిగారు.

లెక్కించాలి. అయితే "ఒలింపిక్స్‌లో ఉంది కదా" అంటే సరిపోదు. 1900 నుంచి 1920 దాకా ఒలింపిక్స్‌లో తాడు లాగుడు పోటీ కూడా ఉండేది. కాబట్టి ఉండటం ఒక్కటే రుజువు కాదు. మేనమామగారి సందేహం న్యాయమైనదే. దాన్ని తేల్చడానికి ఒకే ఒక పరీక్ష ఉంది: అదే గుర్రాన్ని ఇద్దరికి ఇస్తే ఫలితం మారుతుందా? మారకపోతే ఆయనే రైటు. మారితే, ఆ తేడా ఎక్కినవాళ్లదే.

ఈ పరీక్ష ఊహించుకోనక్కర్లేదు, నిజంగానే జరుగుతోంది. అమెరికా కాలేజీ స్థాయిలో అమ్మాయిల ఈక్వెస్ట్రియన్ (గుర్రపు స్వారీ) పోటీలు సరిగ్గా ఈ పద్ధతిలోనే నడుస్తాయి. టెక్సాస్, ఓక్లహోమా, జార్జియా వైపు ఉన్న తెలుగువాళ్లు తమ యూనివర్సిటీల్లోనే చూసి ఉండవచ్చు. చీటీలో వచ్చిన ఒక గుర్రాన్ని రెండు కాలేజీల నుంచి ఒక్కొక్క అమ్మాయి, ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతారు. ఆ గుర్రం వాళ్లిద్దరికీ కొత్త. పరిచయానికి నాలుగు నిమిషాలు ఇస్తారు, జంపింగ్ అయితే ఆ నాలుగు నిమిషాల్లో నాలుగు జంపులకు మించి చేయకూడదు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే కోర్సు, అంటే ఒకే పోటీ దారి, తిరగాలి. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ల జట్టుకు పాయింటు. గుర్రం అదే, నేల అదే, రోజు అదే. అయినా మార్కుల్లో తేడా స్పష్టంగా వస్తుంది.

షో జంపింగ్ (వరుసగా పెట్టిన అడ్డుకర్రల మీదుగా గుర్రాన్ని దూకించే పోటీ) ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ 2014 దాకా ఇలాంటి ఫైనలే ఉండేది. చివరికి మిగిలిన నలుగురూ ముందు తమ గుర్రం మీద, తర్వాత మిగతా ముగ్గురి గుర్రాల మీద అదే కోర్సు చేసేవాళ్లు. కొత్త గుర్రాన్ని ఎక్కాక అర్థం చేసుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. పెద్ద పోటీల్లో అలసిన గుర్రాల మీద అదనపు భారం పడుతోందనే ఆందోళన పెరిగి, తర్వాతి ఛాంపియన్‌షిప్ నుంచి ఆ పద్ధతి మానేశారు. మానేయడం సబబే. కానీ "పైన ఎవరు కూర్చున్నా ఒకటే" అనేవాళ్లకు ఆ పాత ఫైనళ్ల వీడియోలు చూపించాలి. తన రౌతు కింద సాఫీగా వెళ్లిన గుర్రమే ఇంకొకరి కింద తల విసిరి కర్ర పడగొట్టడం వాటిలో కళ్లారా కనిపిస్తుంది.

మూడో రుజువు జర్మనీకి చెందిన ఇసబెల్ వెర్త్. ఆమెది డ్రెసాజ్, అంటే నిర్ణీత కదలికలను గుర్రంతో కచ్చితంగా చేయించే పోటీ. 1992 బార్సిలోనా నుంచి 2024 పారిస్ దాకా ఏడు ఒలింపిక్స్‌లో ఆమెకు వచ్చినవి 8 స్వర్ణాలు, 6 రజతాలు. గుర్రాలు మాత్రం ఐదు: జిగోలో, సాచ్‌మో, వైహెగోల్డ్, బెల్లా రోజ్, వెండీ. ముప్ఫై రెండేళ్లలో గుర్రాలు మారాయి, వాటి తత్వాలు మారాయి, పతకాలు ఆగలేదు. "రౌతు కొద్దీ గుర్రం" అని మనవాళ్లు ఎప్పుడో అన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది?

పోలోనూ చూడండి. ఆటగాడు చక్కర్ చక్కర్‌కీ (ఆటలో ఒక్కో విడతకీ) గుర్రం మారుస్తాడు. మైనస్ 2 నుంచి 10 దాకా ఉండే హ్యాండిక్యాప్‌ను, అంటే నైపుణ్యపు రేటింగును, మనిషికే ఇస్తారు తప్ప గుర్రానికి కాదు.

ఇంతకీ రౌతు పైన కూర్చుని చేసేదేమిటి? బయటివాళ్లకు కనిపించనిది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. బాగా స్వారీ చేస్తున్న మనిషి ఏమీ చేయనట్టే కనిపిస్తాడు, చిక్కంతా అక్కడే ఉంది.

షో జంపింగ్ తీసుకోండి. పోటీకి ముందు రౌతులు కోర్సులో కాలినడకన తిరుగుతారు. గుర్రాన్ని లోపలికి రానివ్వరు, అది ఆ అడ్డుకర్రలను మొదటిసారి చూసేది పోటీలోనే. ఆ నడకలో జరిగేది లెక్క. సరైన క్యాంటర్‌లో, అంటే మధ్యస్థమైన దౌడులో, పెద్ద గుర్రం అంగ సుమారు 12 అడుగులు, అంటే 3.65 మీటర్లు. మనిషి నడకలో వేసే ఒక్కో అడుగు కొలతలో 3 అడుగుల పొడవు ఉండేలా సాధన చేస్తే, అలాంటి నాలుగు అడుగులు గుర్రానికి ఒక అంగ. ఒక జంప్ నుంచి ఇంకో జంప్‌కు నడుస్తూ లెక్కపెట్టాలి. గుర్రం దిగిన చోటుకు రెండు అడుగులు, మళ్లీ ఎగరబోయే చోటుకు రెండు అడుగులు తీసేయాలి. ఉదాహరణకు 20 అడుగులు వచ్చాయనుకోండి. 4 తీసేస్తే 16, నాలుగుతో భాగిస్తే 4 అంగలు. నేల మీద కొలిస్తే అది 60 అడుగులు, సుమారు 18 మీటర్లు. లెక్క కుదిరింది.

కుదరని చోటే పోటీ మొదలవుతుంది. కోర్సు డిజైనర్ ఆ దూరాన్ని మనిషి నడకలో 22 అడుగులకు పెడతాడు. అది నాలుగున్నర అంగలు. అర అంగ అనేది గుర్రానికి లేదు. అందుకే రౌతు ముందే తేల్చుకోవాలి: అంగలు సాగదీసి నాలుగులో వెళ్లాలా, కుదించి ఐదులో వెళ్లాలా? పొడవాటి అంగ ఉన్న గుర్రమైతే మొదటిది, చిన్న అంగ ఉండి జాగ్రత్తగా వెళ్లేదైతే రెండోది. అంతకుముందు జంప్ దగ్గర మలుపు ఎంత లోపలి నుంచి వచ్చాం, దిగుడు ఎంత దూరంగా పడింది, తర్వాతి జంప్ నిలువు కర్రలా, ముందూ వెనకా కర్రలతో వెడల్పుగా ఉండే ఆక్సరా అన్నవి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. నిమిషానికి 350 మీటర్ల వేగంలో ఆ నాలుగు అంగలూ రెండున్నర సెకన్లలో అయిపోతాయి. తప్పు దిద్దుకోవడానికి దొరికేది మొదటి రెండు అంగలే. చివరి అంగలో పగ్గం లాగితే గుర్రం తల పైకెత్తి, వీపు బిగబట్టి, వెనక కాళ్లతో కర్ర తన్నేస్తుంది.

ఆ కర్ర ఉండే కప్పు లోతు రెండు సెంటీమీటర్లకు మించదు. గిట్ట గట్టిగా తగిలితే పడినట్టే, 4 పెనాల్టీలు. గుర్రం ఆగిపోతే మరో 4. అంతర్జాతీయ పోటీల్లో రెండోసారి ఆగినా, మనిషి పడినా పోటీ నుంచి అవుట్. ఒలింపిక్ కోర్సుల్లో పెద్ద జంపుల ఎత్తు 1.60 మీటర్లు, ఆపైన ఉంటుంది. అలాంటి కోర్సులో పన్నెండు, పదమూడు జంపులు వరుసగా దాటాలి.

కర్ర ఎందుకు పడుతుందో తెలిస్తే రౌతు పాత్ర ఇంకా తేటగా అర్థమవుతుంది. ఊరికే నిలబడిన గుర్రం బరువులో సగానికి పైగా, సుమారు అరవై శాతం దాకా, ముందు కాళ్ల మీదే ఉంటుంది. జంప్‌కు అది ముందు భుజాలను లేపాలి. సరిగ్గా ఆ క్షణానికి ముందు రౌతు ఆత్రంగా మెడ మీదికి వాలితే, తేలికపడాల్సిన ముందు భాగం మీద అరవై కిలోలు అదనంగా పడతాయి. ముందు కాలు కర్రకు తగులుతుంది, లేదా గుర్రం ఎగరకుండా ఆగిపోతుంది, రౌతు మెడ మీదుగా అవతల పడతాడు. దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది. వెనకబడి, పగ్గాలు పట్టుకుని వేలాడితే గాలిలో ఉన్న గుర్రం నోటికి కళ్లెం గుచ్చుకుంటుంది. మూడు నాలుగు సార్లు అలా అయిన గుర్రం జంప్ చూస్తేనే తల విదిలిస్తుంది. కిందకి చూడటం ఇంకో తప్పు. చూపు కర్ర మీదికి దిగగానే తల, భుజాలు కూడా దిగుతాయి. అందుకే కోచ్‌లు "తర్వాతి జంప్ చూడు, ఈ జంప్ కాదు" అని గొంతు పోయేలా అరుస్తారు.

ఇదంతా చేతి బలంతో సాధ్యం కాదు. 550 కిలోల జంతువును లాగి ఆపగల మనిషి లేడు. గుర్రానికి చెప్పాల్సింది కూర్చునే ఎముకల నుంచి, పిక్కల నుంచి, వేళ్ల చివరి నుంచి. అందుకే ఒలింపిక్స్‌లో ఆడ, మగ తేడా లేకుండా ఒకే పోటీలో, ఒకే పతకానికి తలపడే ఆట ఇది. 1952 హెల్సింకీలో మహిళలను మొదటిసారి డ్రెసాజ్‌లోకి అనుమతించారు. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ ఆ ఏడాదే రజతం గెలిచారు. పోలియోతో ఆమెకు మోకాళ్ల కింద కాళ్లు పనిచేయవు. గుర్రం ఎక్కడానికి, దిగడానికి ఇంకొకరి సాయం కావాలి. 1956లోనూ మళ్లీ రజతం. "కాళ్లు పనిచేయనివాళ్లు గెలిస్తే అది ఆటేనా?" అని ఎవరైనా అడగవచ్చు. కాళ్లతో చెప్పాల్సిన మాటలన్నీ నడుముతో, బరువు మార్పుతో ఆమె చెప్పగలిగారు. ఆ పట్టు ఎంత కష్టమో రెండు కాళ్లూ బాగున్న రౌతులకే తెలుసు.

డ్రెసాజ్ అంటే చాలామంది "గుర్రం డాన్స్" అంటారు. అసలు సంగతి వేరు. 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవున్న మైదానం చుట్టూ అక్షరాలు ఉంటాయి. ఏ అక్షరం దగ్గర ఏ కదలిక మొదలవ్వాలో, ఎక్కడ ముగియాలో ముందే రాసి ఉంటుంది. ఒక్కో కదలికకు 0 నుంచి 10 మార్కులు. ఒలింపిక్స్‌లో ఏడుగురు జడ్జీలు ఏడు వైపుల నుంచి చూస్తారు. గ్రాండ్ ప్రి అనే అన్నిటికంటే పై స్థాయిలో ఒక కదలిక వరుసగా పదిహేను అంగలకు పదిహేనుసార్లు ముందు నడిపే కాలు మార్చడం. క్యాంటర్‌లో ప్రతి అంగలోనూ నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం ఒకటి వస్తుంది. గుర్రం కాలు మార్చగలిగేది అప్పుడే. రౌతు సంకేతం దానికి రెప్పపాటు ముందు చేరాలి. ఆలస్యమైతే ముందు కాలు మారి వెనక కాలు ఆలస్యంగా మారుతుంది, జడ్జీ మార్కు దిగిపోతుంది. రౌతు తన కాలును ఎక్కువగా ఊపితే గుర్రం తిన్నగా పోకుండా అటూఇటూ ఊగుతుంది, అప్పుడూ మార్కు పోతుంది. గుర్రానికి ఎనిమిదేళ్లు నిండందే ఈ స్థాయిలో పోటీ చేయనివ్వరు. అక్కడిదాకా తీసుకురావడానికే రోజూ సాధనతో ఏళ్లు పడుతుంది.

ఈవెంటింగ్ అనే పోటీలో డ్రెసాజ్, క్రాస్‌కంట్రీ (ఆరుబయట అడ్డంకులు దాటుతూ సాగే పరుగు), జంపింగ్ మూడూ ఒకే గుర్రంతో చేయాలి. మనకు బాగా తెలిసిన లెక్క బెంగళూరుకు చెందిన ఫవాద్ మిర్జాది. టోక్యో ఒలింపిక్స్‌లో సెన్యూర్ మెడికాట్ అనే గుర్రంతో డ్రెసాజ్‌లో ఆయనకు 28.00 పెనాల్టీలు. అంటే 72 శాతం మార్కులు, వంద నుంచి తీసేస్తే 28. క్రాస్‌కంట్రీకి నిర్ణయించిన సమయం 7 నిమిషాల 45 సెకన్లు, ఆయనకు పట్టింది 8 నిమిషాల 13 సెకన్లు. సెకనుకు 0.4 చొప్పున 28 సెకన్లకు 11.20. జంపింగ్ మొదటి రౌండ్‌లో రెండు కర్రలు పడి 8. మొత్తం 47.20తో మొదటి 25 మందిలో నిలిచి ఫైనల్ రౌండ్‌కు వెళ్లారు. అక్కడ ఇంకో 12.40 కలిసి 59.60తో 23వ స్థానం. ఒలింపిక్ ఈవెంటింగ్‌లో మనవాళ్లు ఆడి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

ఆ 28 సెకన్లు గుర్రానికి వేగం లేక పోయినవే కానవసరం లేదు. క్రాస్‌కంట్రీలో సమయం పోయేది ఎక్కువగా జంపుల ముందు. అడ్డుదారిలో కష్టమైన జంప్ ఉంటుంది, పక్క నుంచి వెళ్తే సులువు కానీ దూరం. ఏది ఎంచుకోవాలో గుర్రానికి తెలియదు. జంప్‌కు ముందు ఎన్ని అంగల నుంచి వేగం తగ్గించాలి, దిగాక ఎంత తొందరగా తిరిగి అందుకోవాలి అన్నదాంట్లోనే సెకన్లు మిగులుతాయి, పోతాయి. ఇక్కడి అడ్డంకులు కర్రల్లా సులువుగా పడవు, చాలావరకు నేలలో పాతిన దుంగలు. గుర్రం ఆగితే 20 పెనాల్టీలు. విరిగే పిన్ను ఉన్న అడ్డంకి కూలితే 11. గుర్రం బోర్లాపడి రౌతు మీద పడకుండా ఉండటానికే ఆ పిన్నులు వచ్చాయి. 1995లో నటుడు క్రిస్టఫర్ రీవ్ ఇలాంటి పోటీలోనే, గుర్రం జంప్ ముందు ఆగిపోవడంతో పడి, మెడ ఎముకలు దెబ్బతిని జీవితాంతం చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. "ఊరికే కూర్చోవడం" అనే మాట ఇక్కడ నిలవదు.

ఎండ్యూరెన్స్ రేసు ఈ వాదనకు మరో వైపు చూపిస్తుంది. పెద్ద పోటీల్లో దూరం 160 కిలోమీటర్లు. మధ్యమధ్య పశువైద్యుల తనిఖీలో నిర్ణీత సమయంలోపు గుర్రం గుండె వేగం నిమిషానికి 64కు దిగాలి. దిగకపోతే ఎంత ముందున్నా అక్కడితో సరి. ఎక్కడ నడిపించాలో, ఎక్కడ నీళ్లు పోయాలో, ఎండలో ఎంత వదలాలో తేల్చేది మనిషే.

గుర్రం చేతిలో అంతా ఉంటే ఏమవుతుందో చూపించిన ఘటన కూడా టోక్యోలోనే జరిగింది. ఐదు ఆటలు కలిపి ఆడే మోడర్న్ పెంటాథ్లాన్‌లో చీటీలో వచ్చిన తెలియని గుర్రాన్ని ఇరవై నిమిషాల పరిచయంతో ఎక్కాలి. అప్పటికి అందరికంటే ముందున్న జర్మనీ క్రీడాకారిణి అన్నికా ష్లోయికి సెయింట్ బాయ్ అనే గుర్రం వచ్చింది. అంతకుముందు ఇంకొకరి కింద అది మొరాయించి, అప్పటికే బెదిరి ఉంది. ఆమె ఏడుస్తూ, కాళ్లతో పొడుస్తూ, చేత్తో లాగుతూ ఉండిపోయారు. ఒకేసారి "పో" అనీ "ఆగు" అనీ చెప్తే ఏ గుర్రమైనా చేసేది ఒక్కటే, బిగుసుకుపోవడం. ఆమె 31వ స్థానానికి పడిపోయారు. గుర్రాన్ని పిడికిలితో కొట్టిన కోచ్‌ను ఆటల నుంచి పంపేశారు. పారిస్ 2024 తర్వాత ఆ ఆటలోంచి స్వారీని తీసేసి అడ్డంకుల పరుగు పెట్టారు. మేనమామగారి వాదనకు బలమైన ఉదాహరణ ఏదైనా ఉంటే ఇదే. అయితే ఇక్కడ తప్పు స్వారీది కాదు. అమెరికా కాలేజీల్లో ఒకే గుర్రాన్ని ఇద్దరికీ ఇచ్చి పోలుస్తారు, కాబట్టి న్యాయం ఉంటుంది. పెంటాథ్లాన్‌లో ఒకరికి మంచి గుర్రం, ఇంకొకరికి బెదిరిన గుర్రం వచ్చి, ఆ తేడా నేరుగా పతకంలోకి పోయింది. ఈక్వెస్ట్రియన్ పోటీల్లో రౌతు తన గుర్రంతోనే వస్తాడు, దాన్ని ఏళ్ల తరబడి తీర్చిదిద్దడం కూడా పోటీలో భాగమే.

గుర్రపు పందేలను దీనితో కలిపేయకండి. మలక్‌పేట రేస్‌కోర్సులో జరిగేది వేరే లెక్క. అక్కడ ప్రైజు మనీలో పెద్ద భాగం యజమానిది. హ్యాండిక్యాప్ రేసుల్లో మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెట్టి అందరినీ దగ్గరకు తెస్తారు. ఆ చుట్టూ బెట్టింగు ఉంటుంది. అది కూడా నైపుణ్యం మీద ఆధారపడినదేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. జాకీల కష్టం, ప్రమాదం చిన్నవి కావు. కానీ మీ అమ్మాయి నేర్చుకుంటున్నది అది కాదు, ఇంట్లో పెద్దవాళ్ల మనసులో గుర్రం అనగానే పందెం మెదులుతుంది కాబట్టి ఈ తేడా ముందే చెప్పాలి.

ఇప్పుడు ఈ ఆటలో నిజంగా ఉన్న లోపాలు. వీటిని దాస్తే మేనమామగారి ముందు మీ వాదన నిలవదు.

మొదటిది డబ్బు. మంచి గుర్రం కొనగలిగినవాళ్లకు మొదటి మెట్టు సులువు. మన దేశంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది: గుర్రాల జబ్బుల నిబంధనల వల్ల ఇక్కడి గుర్రాన్ని యూరప్ పోటీలకు తీసుకెళ్లడం ఏళ్ల తరబడి దాదాపు అసాధ్యంగా ఉండేది. అందుకే ఫవాద్ లాంటివాళ్లు యూరప్‌లో ఉండి, అక్కడి గుర్రాలతో సాధన చేశారు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచిన సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా కథ కూడా అదే. ఆ స్వర్ణం 1982 ఢిల్లీ తర్వాత 41 ఏళ్లకు వచ్చింది. 2025లో మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రానికి వ్యాధిరహిత ప్రాంతంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఇక్కడి గుర్రాలు బయటికి వెళ్లే దారి ఇక తెరుచుకోవాలి. ఇంకో మాట: 1982లో ఈవెంటింగ్ స్వర్ణం తెచ్చిన రఘుబీర్ సింగ్ సైన్యంలో దఫేదార్, అంటే హవల్దార్ స్థాయి. షూటింగుకూ, కార్ రేసుకూ డబ్బు కావాలి, అంతమాత్రాన అవి ఆటలు కాకుండా పోవు. కానీ ఇంత ఖర్చు వల్ల ఎందరో సమర్థులు గేటు బయటే ఆగిపోతున్నారన్నది నిజం, ఈ ఆటను ప్రేమించేవాళ్లందరూ బాధపడాల్సిన విషయం.

రెండోది డ్రెసాజ్ మార్కులు. జడ్జీ కంటితో ఇచ్చే మార్కులో పేరున్న రౌతు వైపు మొగ్గు ఉంటుందన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. జిమ్నాస్టిక్స్‌లో ఉన్న జబ్బే ఇక్కడా ఉంది. ఎక్కువమంది జడ్జీలు, విడివిడి మార్కుల ప్రచురణ దానికి మందు, పూర్తిగా నయం చేయలేదు. ఆ గొడవ వద్దనుకునే పిల్లలకు జంపింగ్ మంచిది. కర్ర పడిందా, లేదా? అంతే.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, గుర్రం బాగోగులు. తనకు ఇష్టమో కాదో చెప్పలేని ఆటగాడు ఈ ఆటలో ఉన్నాడు. టోక్యోలో స్విట్జర్లాండ్ గుర్రం జెట్ సెట్ క్రాస్‌కంట్రీలో లిగమెంట్ తెగి, చివరికి దానికి కారుణ్య మరణం ఇవ్వాల్సి వచ్చింది. పారిస్ ఒలింపిక్స్‌కు రోజుల ముందు, శిక్షణలో గుర్రాన్ని కొరడాతో కొట్టిన పాత వీడియో బయటపడి, డ్రెసాజ్‌లో ఎన్నో రికార్డులున్న షార్లెట్ డూజార్డిన్ పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత ఆమెపై ఏడాది నిషేధం పడింది. ముక్కుపట్టీ ఎంత బిగించవచ్చో కొలిచే పరికరాన్ని 2025 నుంచి అంతర్జాతీయ పోటీల్లో వాడుతున్నారు. డ్రెసాజ్‌లో గుర్రం నోట్లోనో, డొక్క మీదో రక్తం కనిపిస్తే పోటీలోంచి తీసేస్తారు. ఈ కట్టుబాట్లు ఇంకా గట్టిపడాలి. గుర్రానికి నష్టం చేయకుండా గెలవలేకపోతే ఆ గెలుపును ఆటగా లెక్కపెట్టకూడదు, ఈ విషయంలో రాజీ లేదు. నకులుడు విరాటరాజు కొలువులో గుర్రాల శాలకు పెద్దయినప్పుడు ఆయన అర్హతగా చెప్పుకున్నది గుర్రాల స్వభావం, శిక్షణ, వైద్యం తెలియడాన్నే.

ఇక మీ అమ్మాయి విషయం. జూనియర్ పోటీలకు పంపేముందు ఆమె నేర్చుకుంటున్నది క్రీడా శిక్షణా, లేక గుర్రం మీద షికారా అన్నది తేల్చుకోండి. గుర్తులు ఇవి. వారంలో కనీసం మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట స్వారీ ఉండాలి. ఎప్పుడూ ఒకే మెత్తటి గుర్రం ఇస్తుంటే మంచిది కాదు, రెండు మూడు రకాల గుర్రాలు మార్చాలి. వారానికి ఒకసారైనా, కోచ్ పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుండగా, ఇరవై నిమిషాలు రికాబులు (పాదాలు పెట్టే ఇనుప కడియాలు), పగ్గాలు లేకుండా కూర్చునే పాఠం ఉండాలి. ఈ పాఠం లేని చోట పిల్లలు పగ్గాల మీద ఆధారపడి బ్యాలన్స్ చేసుకోవడం నేర్చుకుంటారు, తర్వాత అది పోగొట్టడానికి రెండింతల కాలం పడుతుంది. ట్రాట్‌లో (నడకకూ దౌడుకూ మధ్య వేగంలో) లేచి కూర్చునేటప్పుడు బయటివైపు ముందు కాలు ముందుకు పడినప్పుడు లేవాలి. ఏ కాలు పడుతోందో కిందకి చూడకుండా చెప్పగలిగితే ఆమె గుర్రాన్ని వింటోందని అర్థం.

సామాను మీరే ఒకసారి చూడండి. రికాబు వెడల్పు బూటు కంటే రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఇరుకైతే పడ్డప్పుడు కాలు ఇరుక్కుంటుంది, మరీ వెడల్పైతే పాదం అవతలికి దూసుకుపోతుంది. మడమ లేని స్పోర్ట్స్ షూతో ఎక్కనివ్వొద్దు. చేతి వేళ్ల కొసలను రికాబు తోలు మొదలులో పెడితే ఇనుము చంకకు తగలాలి, మొదలుపెట్టడానికి ఆ పొడవు సరిపోతుంది. ఎక్కేముందు బిగించిన పొట్టపట్టీని ఐదు పది నిమిషాల నడక తర్వాత మళ్లీ బిగించాలి. చాలా గుర్రాలు మొదట పొట్ట ఉబ్బించి ఉంచుతాయి, ఆ తర్వాత వదిలేస్తాయి, జీను పక్కకి జారడానికి ఎక్కువగా అదే కారణం. హెల్మెట్ ఒకసారి గట్టి దెబ్బ తింటే పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. జంపింగ్ మొదలుపెట్టాక ఒంటి రక్షణ జాకెట్ కూడా వేయించండి.

గుర్రం దిగాక కూడా పని ఉంటుంది. పొట్ట, నడుము, తొడ లోపలి కండరాలు గట్టిపడాలి. రోజూ నిమిషం చొప్పున మూడుసార్లు ప్లాంక్, ఒంటికాలి మీద కళ్లు మూసుకుని అర నిమిషం నిలబడటం, గోడకు ఆనుకుని కుర్చీలా కూర్చోవడం. వీటికి ఖర్చు లేదు. కుడి, ఎడమ కాళ్లలో ఏది బలహీనమో తెలిసిపోతుంది. ఒంకరగా కూర్చునే రౌతు కింద గుర్రం కూడా ఒంకరగానే నడుస్తుంది.

మొదటి పోటీగా జంపింగ్ కాకుండా చిన్న స్థాయి డ్రెసాజ్ టెస్ట్ పెట్టించండి. నడక, ట్రాట్, క్యాంటర్, 20 మీటర్ల వలయాలు, మధ్య గీత మీద తిన్నగా వచ్చి ఆగడం మాత్రమే ఉంటాయి. వలయం గుడ్డులా కాకుండా గుండ్రంగా రావడం, ఆగినప్పుడు నాలుగు కాళ్లూ సమంగా ఉండటం, ఈ రెండింటిలోనే కొత్తవాళ్లకు ఎక్కువ మార్కులు పోతాయి. పోటీ అయ్యాక జడ్జీ రాసిన మార్కుల కాగితం తప్పకుండా అడిగి తెచ్చుకోండి. ప్రతి కదలిక పక్కనా మార్కు, దానికి కారణం ఒక ముక్కలో రాసి ఉంటాయి. చాలా టెస్టుల్లో చివర రౌతు కూర్చున్న తీరుకూ, ఇచ్చిన సంకేతాల ప్రభావానికీ విడిగా ఒక గడి ఉంటుంది. ఆ గడిని మేనమామగారికి చూపించండి. అందులో ఉండేది గుర్రం మార్కు కాదు, మేనకోడలిది.